ఒకే సెంట్రిఫ్యూజ్ ఉన్న డిపార్ట్‌మెంట్‌లో బయాలజీ డిగ్రీ: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా బయాలజీ డిగ్రీ చదివేవాళ్లవే, అందులోనూ చిన్న యూనివర్సిటీల్లో ఉన్నవాళ్లవి. నేనూ అలాంటి చోటే చదివా, తర్వాత కొన్నేళ్లు అలాంటి చోటే ప్రాక్టికల్స్ చెప్పా, అందుకే ఈ సంచిక మొత్తం వీళ్లకే ఇచ్చేస్తున్నా. మిగతావాళ్లు ఏమీ అనుకోకండి, మీ ప్రశ్నలు జాగ్రత్తగా దాచిపెట్టా.

ప్రశ్న: మేడమ్, నేను ఫస్టియర్. మా క్లాసులో 17 మందిమే. డిపార్ట్‌మెంట్ మొత్తానికి అయిదుగురు లెక్చరర్లు, ట్యూబుల్ని గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్ ఒకే ఒక్కటి, అది ఆన్ చేస్తే లారీ వస్తున్నట్టు ఉంటుంది. నా ఫ్రెండ్ పెద్ద యూనివర్సిటీలో చేరింది, వాళ్ల ల్యాబ్ ఫొటోలు పెడుతుంటే నేను తప్పు చేశానా అనిపిస్తోంది.

మీ ఫ్రెండ్‌ని ఒక్క మాట అడగండి, ఆ ఫొటోలో ఉన్న మిషన్‌ని తను ఎన్నిసార్లు ముట్టుకుందో. చాలా పెద్ద యూనివర్సిటీల్లో ఫస్టియర్ వాళ్లు వందలమంది ఒక హాల్లో కూర్చుని పాఠం వింటారు, ప్రాక్టికల్స్ ఎక్కువగా పీజీ, పీహెచ్‌డీ స్టూడెంట్లే చెప్తారు, ఖరీదైన మిషన్లు రీసెర్చ్ గ్రూపుల చేతిలో ఉంటాయి. అది తప్పని కాదు, అక్కడి పద్ధతి అది. మీ దగ్గర ఆ లారీ సెంట్రిఫ్యూజ్‌లో ట్యూబులు ఎదురెదురుగా బరువు సరిచూసి పెట్టేది మీరే, మూత వేసేది మీరే, వణుకు మొదలైతే ఆపేది కూడా మీరే. డిగ్రీ అయ్యేసరికి ఆ పని మీ చేతికి వచ్చేసి ఉంటుంది.

నోబెల్ వచ్చినవాళ్ల పేర్లు చెప్పి ఊరించడం నాకు పెద్దగా ఇష్టం ఉండదు గానీ రెండు పేర్లు ఇక్కడ చెప్పక తప్పదు. జన్యువుల్ని కోసి మార్చే క్రిస్పర్ పనికి 2020లో నోబెల్ పంచుకున్న జెన్నిఫర్ డౌడ్నా డిగ్రీ చదివింది పొమోనా అనే చిన్న కాలేజీలో. ఆర్ఎన్ఏ కూడా ఎంజైమ్‌లా పనిచేస్తుందని చూపించి 1989లో నోబెల్ పంచుకున్న థామస్ చెక్ చదివింది గ్రినెల్‌లో, అదీ చిన్నదే. ఇద్దరూ పీహెచ్‌డీకి పెద్ద చోటికే వెళ్లారు, ఆ సంగతి కూడా చెప్పాలి కదా. అంటే చిన్నచోట మొదలుపెడితే తర్వాతి తలుపులు మూసుకుపోవు, అంతవరకే నా పాయింట్.

ఇక చిన్నచోట నిజంగా ఉండే ఇబ్బంది గురించి, ఎందుకంటే దీన్ని మీకు ఎవరూ ముందుగా చెప్పరు. మిషన్లు తక్కువ ఉండటం కన్నా పెద్ద సమస్య కోర్సులు. లెక్చరర్లు తక్కువ కాబట్టి ఇమ్యునాలజీ, డెవలప్‌మెంటల్ బయాలజీ లాంటి పై కోర్సులు చాలాచోట్ల ఏడాది విడిచి ఏడాది నడుపుతారు. సెకండియర్‌లో జెనెటిక్స్ వెనక్కి పడిందనుకోండి, దాన్ని ముందు పాసైతేనే తీసుకోవాల్సిన కోర్సు థర్డియర్‌లో దొరుకుతుందో లేదో, దొరక్కపోతే మళ్లీ రెండేళ్లకి గానీ రాదు, అప్పుడు డిగ్రీ లేటవుతుంది. నా బ్యాచ్‌లో ఇద్దరికి అచ్చం ఇదే జరిగింది, ఇద్దరూ తెలివైనవాళ్లే, టైమ్‌టేబుల్ ఎవరూ చూసుకోలేదు అంతే. కాబట్టి ఈ వారమే ఆఫీసుకి వెళ్లి వచ్చే మూడేళ్లలో ఏ కోర్సు ఏ సెమిస్టర్‌లో నడుస్తుందో, దానికి ముందు ఏది పాసవ్వాలో రాసుకోండి. ఎవరైనా సార్ లాంగ్ లీవ్ మీద వెళ్తున్నారా అని కూడా అడగండి. పెద్దచోట ఒకరు వెళ్తే ఇంకొకరు చెప్తారు, మీ దగ్గర ఆ సబ్జెక్టే ఆగిపోవచ్చు.

ప్రశ్న: అక్కా, కణ విభజన చూడటానికి ఉల్లివేరు స్లైడ్ మూడుసార్లు చేశా. పుస్తకంలో ఉన్నట్టు ఒక్క క్రోమోజోమూ కనపడలేదు. ఏవో ఎర్రటి ఇటుకల్లాంటివి కనిపిస్తున్నాయి. పక్కవాళ్ల బొమ్మ చూసి రికార్డులో గీసేశా. ఇది చాలా తప్పా?

ముందు స్లైడ్ సంగతి చూద్దాం, తిట్లు తర్వాత.

పొడుగ్గా ఇటుకల్లాంటి కణాలు కనిపించాయంటే మీరు తీసుకున్నది వేరు చివర కాదు, దానికి కాస్త పైభాగం. అక్కడి కణాలు విభజన ఆపేసి సాగిపోతుంటాయి. విభజన జరిగేది కొసన ఉండే రెండు మిల్లీమీటర్లలో, టోపీలాంటి పొర వెనకాల. స్టెయిన్ వేశాక ఆ కొస మిగతా వేరు కన్నా ముదురు రంగులో చుక్కలా కనపడుతుంది, ఎందుకంటే అక్కడి కణాలు చిన్నవి, కేంద్రకాలు పెద్దవి, ఒత్తుగా ఉంటాయి. ఆ ముదురు చుక్కని మాత్రం ఉంచి మిగతాది బ్లేడుతో కోసి అవతల పడేయండి. జాలిపడి కొంచెం ఎక్కువ ఉంచుకుంటారు అందరూ, నేనూ ఉంచుకునేదాన్ని, అక్కడే పాడవుతుంది.

రెండోది యాసిడ్. వేరుని 60 డిగ్రీల దగ్గర హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కొన్ని నిమిషాలు ఎందుకు ఉంచమంటారంటే కణానికీ కణానికీ మధ్య ఉండే పెక్టిన్ జిగురు వదులవడానికి. తొందరపడి ముందే తీసేస్తే కణాలు విడిపోవు, ఎంత నొక్కినా ఒకదానిమీద ఒకటి గుట్టగానే ఉంటాయి, మైక్రోస్కోప్‌లో ఎర్రటి ముద్ద కనిపిస్తుంది. ఎక్కువసేపు ఉంచితే ముట్టుకుంటేనే చితికిపోతుంది. వాచీ పెట్టుకోండి, పక్కవాళ్లతో కబుర్లు ఆపేయండి.

మూడోది నొక్కడం. కవర్ స్లిప్‌ని వాలుగా ఒక అంచు ఆనించి మెల్లగా దించాలి, లేదంటే గాలిబుడగలు దూరతాయి. చుట్టూ నల్లటి మందపాటి అంచుతో గుండ్రంగా భలే అందంగా కనపడేది గాలిబుడగ, దాన్ని కణం అని గీసి లేబుల్స్ కూడా పెట్టినవాళ్లని నేను చాలామందిని చూశా. తర్వాత పెన్సిల్ వెనకవైపుతో చిన్నచిన్నగా తట్టి, పైన ఫిల్టర్ పేపర్ వేసి బొటనవేలితో నిటారుగా నొక్కాలి. వేలు పక్కకి జరిగిందో కణాలన్నీ చుట్టలు చుట్టుకుపోతాయి, ఆ స్లైడ్ ఇక దేనికీ పనికిరాదు.

ఇన్నీ సరిగ్గా చేసినా ఎక్కువ కణాలు విభజన లేకుండా మామూలుగానే ఉంటాయి. కణం జీవితంలో ఎక్కువకాలం, రెండు విభజనల మధ్య దశ అయిన ఇంటర్‌ఫేజ్‌లోనే గడుస్తుంది కాబట్టి ఏ క్షణంలో ఫిక్స్ చేసినా, అంటే కణాల్ని ఉన్న స్థితిలోనే ఆపేసినా, ఎక్కువ మంది అక్కడే దొరుకుతారు. విభజనలో ఉన్నవాటిలో కూడా మొదటి దశ ప్రోఫేజ్ ఎక్కువ, క్రోమోజోములు విడిపోయే అనాఫేజ్ బాగా తక్కువ. ముందు 10ఎక్స్‌లో వెతికి, చిన్న చదరపు కణాల గుంపు దొరికాకే 40ఎక్స్‌కి మార్చండి. క్రోమోజోములు మధ్యలో వరసకట్టే మెటాఫేజ్ మంచిది దొరికితే ఉల్లిలో 16 క్రోమోజోములు లెక్కపెట్టచ్చు అంటారు. నాకు మొదటి స్లైడ్‌లో 11 వచ్చాయి, మిగతావి ఒకదాని కింద ఒకటి దాక్కున్నాయి. రికార్డులో 11 అనే రాసి పక్కన కారణం రాశా.

ఇప్పుడు ఆ రికార్డు సంగతి. మా రోజుల్లో ఒక ఎగ్జామినర్ ఉండేవారు, ఆయనకి పుస్తకంలో ఉన్న బొమ్మ ఉంటేనే మార్కులు. నేను గీసిన వంకర బొమ్మకి సగం మార్కులేశారు, స్లైడ్ ముఖమే చూడనివాళ్లకి ఫుల్ మార్కులు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. అయినా సరే మీకు కనపడిందే గీయండి. ఏమీ కనపడకపోతే కనపడలేదని రాసి, ఎందుకు కనపడలేదో మీ ఊహ రాయండి. రేపు నిజమైన ల్యాబ్‌లో పక్కవాళ్ల రిజల్ట్ చూసి రాస్తే దానికి ఉండే పేరు వేరు, దాంతో ఉద్యోగాలు పోతాయి. ఈసారికి మీ సార్ దగ్గరికి వెళ్లి ఇంకో వేరు ఇవ్వండి సార్ మళ్లీ చేస్తా అని అడగండి. 17 మంది ఉన్న క్లాసులో ఈ మాట అడగచ్చు, 300 మంది ఉన్నచోట అడగలేం.

ప్రశ్న: ఇంటర్‌లో ఒక గ్లూకోజ్‌కి 38 ఏటీపీ అని చదివాం. డిగ్రీలో కొందరు 36 అంటారు, కొత్త పుస్తకంలో 30 లేక 32 అని ఉంది. పరీక్షలో ఏది రాయాలి? అసలు ఏది నిజం?

30 లేక 32. ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణెం అనుకోండి. ఆ అంకె ఎందుకో ఒకసారి చేత్తో లెక్క వేసుకుంటే ఇంక జన్మలో మర్చిపోరు.

పాత లెక్కలో, ఎలక్ట్రాన్లు మోసే అణువులైన ఈ రెండిట్లో, ఒక ఎన్ఏడీహెచ్‌కి 3 ఏటీపీ, ఒక ఎఫ్ఏడీహెచ్2కి 2 అని గుండుగుత్తగా అనుకునేవాళ్లు. తర్వాత మైటోకాండ్రియా పొర దాటి ఎన్ని ప్రోటాన్లు బయటికి వెళ్తున్నాయో కొలిచారు. ఒక ఎన్ఏడీహెచ్ వల్ల 10, ఎఫ్ఏడీహెచ్2 వల్ల 6 ప్రోటాన్లు బయటికి పంపు అవుతాయి. ఒక ఏటీపీ తయారై బయటికి రావడానికి, ఫాస్ఫేట్‌ని లోపలికి తెచ్చుకునే ఖర్చుతో కలిపి, 4 ప్రోటాన్లు కావాలి. 10ని 4తో భాగిస్తే 2.5, 6ని 4తో భాగిస్తే 1.5. సగం ఏటీపీ ఎలా తయారవుతుంది అని అడక్కండి, ఇది సగటు.

ఇప్పుడు కూడండి. గ్లూకోజ్ ముందు గ్లైకాలిసిస్‌లో రెండు పైరువేట్లుగా విడిపోతుంది, తర్వాత అవి క్రెబ్స్ సైకిల్ దాకా వెళ్తాయి. గ్లైకాలిసిస్‌లో నేరుగా 2 ఏటీపీ, పైరువేట్ నుంచి ఎసిటైల్ కోఏ అయ్యేటప్పుడు 2 ఎన్ఏడీహెచ్ అంటే 5, క్రెబ్స్ సైకిల్ రెండుసార్లు తిరిగితే 6 ఎన్ఏడీహెచ్‌కి 15, 2 ఎఫ్ఏడీహెచ్2కి 3, నేరుగా వచ్చేవి 2. ఇక్కడికి 27. మిగిలింది గ్లైకాలిసిస్‌లో వచ్చిన 2 ఎన్ఏడీహెచ్, అవి సైటోప్లాజంలో ఉంటాయి, లోపలికి నేరుగా రాలేవు, వాటి ఎలక్ట్రాన్లని షటిల్స్ మోసుకొస్తాయి. ఒక షటిల్ అయితే వాటికి 5 వస్తాయి, ఇంకోటైతే దారిలో కొంత పోయి 3 వస్తాయి. అందుకే 32 లేక 30. పాత 38, 36 తేడాకి కూడా ఈ షటిల్సే కారణం, కాబట్టి మీకు చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు, పాత కొలతతో చెప్పారు.

పరీక్షలో కొత్త అంకె రాసి పక్కన ఒక్క లైన్ కారణం రాయండి. అన్నట్టు క్రెబ్స్ ఈ సైకిల్ గురించిన పేపర్‌ని 1937లో నేచర్ పత్రికకి పంపితే వెనక్కి వచ్చింది, ఆయన వేరే పత్రికలో వేయించుకున్నారు. మీ అసైన్‌మెంట్ వెనక్కి వచ్చిన రోజు ఇది గుర్తుచేసుకోండి.

ప్రశ్న: లెక్కలంటే భయమని బయాలజీ తీసుకున్నా. ఇప్పుడు స్టాటిస్టిక్స్ పేపర్ ఉంది. మోసపోయాను.

మిమ్మల్ని మోసం చేసింది మీ స్కూలు సలహాదారులు, బయాలజీ కాదు. లక్షణాలు తరతరానికి ఎలా వస్తాయో చూపించిన మెండెల్ని ఎందుకు గుర్తుపెట్టుకున్నాం? బఠానీలు పెంచినందుకు కాదు కదా, పెంచినవాళ్లు చాలామందే ఉన్నారు, ఆయన గింజల్ని లెక్కపెట్టాడు. రెండో తరంలో గుండ్రటివి 5474, ముడతలవి 1850 వచ్చాయని 1866లో అచ్చైన పేపర్‌లో ఉంది.

ఇది 3:1, అంటే మూడు గుండ్రటివాటికి ఒక ముడతది, అవునా కాదా అని మీరే చూడండి, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు. మొత్తం 7324. కచ్చితంగా 3:1 అయితే 5493, 1831 ఉండాలి. రెండుచోట్లా తేడా 19. తేడాని వర్గం చేస్తే 361. దాన్ని 5493తో భాగిస్తే సుమారు 0.07, 1831తో భాగిస్తే సుమారు 0.20, కలిపితే 0.26 చిల్లర. ఇలా రెండే రకాలుంటే, అంటే ఒక డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్‌కి, పట్టికలో హద్దు 3.84. మనకొచ్చింది దానికి చాలా కింద ఉంది, అంటే ఆ 19 తేడా యాదృచ్ఛికంగా వచ్చిందే అనుకోడానికి ఏ అడ్డూ లేదు. కై స్క్వేర్ అంటే ఇంతే, తీసివేత, వర్గం, భాగాహారం, కూడిక. ఇందులో మీకు రానిది ఏముంది చెప్పండి?

(మెండెల్ లెక్కలు మరీ బాగా కుదిరాయని 1936లో స్టాటిస్టిక్స్ నిపుణుడు ఫిషర్ అనుమానపడ్డాడు, ఆ వాదన చాలాకాలం నడిచింది. రిజల్ట్ బాగా రాకపోతే ఒక బాధ, మరీ బాగా వస్తే ఇంకో బాధ.)

భయం పోవాలంటే స్టాటిస్టిక్స్‌ని వేరే సబ్జెక్టులా చదవకండి, మీ ప్రాక్టికల్‌లో మీకొచ్చిన అంకెలతోనే చేయండి. ప్లేటు మీద బ్యాక్టీరియా కాలనీలు లెక్కపెట్టారనుకోండి, పదివేల రెట్లు పలచన చేసిన దాన్నించి 0.1 మిల్లీలీటర్ వేస్తే 150 కాలనీలు వచ్చాయి, అంటే మిల్లీలీటర్‌కి 1500, దాన్ని పదివేలతో గుణిస్తే కోటీ యాభై లక్షలు. ఆ కోటిన్నర మీ ట్యూబులోవి, మీరు కలిపినవి, అప్పుడు అంకె మీద కొంచెం ప్రేమ పుడుతుంది. 30 నుంచి 300 లోపు ఉన్న ప్లేటునే లెక్కలోకి తీసుకోవడం మాత్రం మర్చిపోకండి.

ప్రశ్న: మా గ్రూప్‌లో అందరికీ ఒక రిజల్ట్, నాకు ఒక్కదానికే వేరే. ప్రతిసారీ. నా చెయ్యి మంచిది కాదని నవ్వుతున్నారు.

చెయ్యి కాదు, పిపెట్ అయి ఉంటుంది, లేదంటే మీ బొటనవేలు. బటన్‌కి రెండు ఆగే చోట్లు ఉంటాయి. మొదటిచోటు దాకా నొక్కి ద్రవంలో ముంచి మెల్లగా వదలాలి, బయటికి పోసేటప్పుడు మాత్రమే రెండోదాకా నొక్కాలి. పీల్చేటప్పుడే రెండోదాకా నొక్కితే ప్రతిసారీ ఎక్కువ వస్తుంది, అదీ మీకు తెలియకుండా. ఎవరూ లేనప్పుడు త్రాసు మీద చిన్న కప్పు పెట్టి 100 మైక్రోలీటర్ల నీళ్లు పదిసార్లు పోసి చూడండి, ప్రతిసారీ 0.1 గ్రాము దగ్గర రావాలి. బటన్ సరిగ్గానే నొక్కినా పదిసార్లూ ఒకే తప్పు వస్తే పిపెట్ తప్పు, ఒక్కోసారి ఒక్కోలా వస్తే మీది. పిపెట్ తప్పని తేలితే ఆ నవ్వినవాళ్లకి ఆ పిపెట్టే ఇవ్వండి. సరదాకి అన్నా, ల్యాబ్ అసిస్టెంట్‌కి చెప్పి పక్కన పెట్టించండి.

ప్రశ్న: పేర్లు, పేర్లు, పేర్లు. నాలుగుసార్లు చదివినా పరీక్షలో ఖాళీ. హైలైటర్లు మూడు రంగులు వాడుతున్నా.

హైలైటర్లు అవతల పెట్టండి. నాలుగోసారి చదువుతుంటే అన్నీ తెలిసినట్టే ఉంటాయి, అది పేజీతో పరిచయం, జ్ఞాపకం కాదు. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు 2006లో చేసిన ప్రయోగంలో కొందరిని ఒక పాఠం మళ్లీ మళ్లీ చదవమన్నారు, ఇంకొందరిని చదివాక పుస్తకం మూసి గుర్తున్నది రాయమన్నారు. అయిదు నిమిషాలకి పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత పెడితే తిరగబడింది, మూసి రాసినవాళ్లకి బాగా ఎక్కువ గుర్తుంది. పొద్దున పరీక్షకి రాత్రి చదివేవాళ్లకి వాళ్ల పద్ధతి ఎందుకు బాగున్నట్టు అనిపిస్తుందో ఇందులోనే ఉంది.

తెల్లకాగితం తీసుకుని మూత్రపిండం, ఆకు అడ్డుకోత, ఏదైనా సరే, జ్ఞాపకం మీద గీయండి. ఎక్కడ చెయ్యి ఆగిందో అదొక్కటే పుస్తకంలో చూడండి. చేసేటప్పుడు చాలా చికాకు వేస్తుంది, ఆ చికాకులోనే పని జరుగుతుంది.

ప్రశ్న: నాకు న్యూరోసైన్స్ పిచ్చి. మా దగ్గర రీసెర్చ్ చేసేది ఒక్క మేడమే, ఆవిడది చెరువు నీళ్లలో నాచు. ఫైనలియర్ ప్రాజెక్టు ఆవిడ దగ్గర చేస్తే నా టైం వేస్టా?

కాదు. శాంపిల్ తేవడం, కలుషితం కాకుండా పెంచడం, పోల్చి చూడ్డానికి కంట్రోల్ పెట్టుకోవడం, ఏం చేశామో తేదీవేసి నోట్‌బుక్‌లో రాయడం, ఇవన్నీ నాచుకీ న్యూరాన్‌కీ ఒకటే. డిగ్రీలో టాపిక్ కన్నా పని నేర్పే మనిషి ముఖ్యం. రోజూ ల్యాబ్‌కి వచ్చి మీ నోట్‌బుక్ తిరగేసే గైడ్ దొరికితే నాచు కాదు బూజైనా పర్లేదు.

ఒక సంగతి చెప్తా. 1966లో హడ్సన్ ఫ్రీజ్ అనే డిగ్రీ కుర్రాడు ప్రొఫెసర్ థామస్ బ్రాక్‌తో కలిసి యెల్లోస్టోన్ వేడినీటి బుగ్గల నుంచి తెచ్చిన శాంపిల్స్‌ మీద పనిచేసి, 70 డిగ్రీల వేడిలో హాయిగా పెరిగే బ్యాక్టీరియాని పెంచాడు. థర్మస్ అక్వాటికస్ అని పేరుపెట్టి 1969లో పేపర్ వేశారు. అప్పట్లో దాంతో ఏం ఉపయోగం అని ఎవరైనా అడిగితే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తర్వాత 1983లో క్యారీ మల్లిస్‌కి డీఎన్ఏ ముక్కకి కాపీలు తీసే పీసీఆర్ ఆలోచన వచ్చింది. అందులో ప్రతి విడతా డీఎన్ఏని 95 డిగ్రీల దాకా వేడి చేయాలి, కాపీ చేసే మామూలు ఎంజైమ్ ప్రతిసారీ చచ్చిపోతుంది, మళ్లీ మళ్లీ వేయాలి. ఆ వేడినీటి బ్యాక్టీరియా ఎంజైమ్ తట్టుకుంది. ఒక్కో విడతకి రెట్టింపైతే 30 విడతలకి ఒక ముక్క వందకోట్లు దాటుతుంది. ఇవాళ న్యూరోసైన్స్ ల్యాబుల్లో కూడా పీసీఆర్ మిషన్ తిరుగుతూనే ఉంటుంది. మీ మేడమ్ నాచు అంత దూరం వెళ్తుందని నేను హామీ ఇవ్వను, చెరువు నీళ్లని చిన్నచూపు చూడకండి అంటున్నా అంతే.

న్యూరోసైన్స్‌ని కూడా వదలక్కర్లేదు. జన్యు శ్రేణులు ఉండే జెన్‌బ్యాంక్, వాటిని పోల్చే బ్లాస్ట్, ప్రొటీన్ల ఆకారాలు దాచే పీడీబీ, అన్నీ ఉచితం, పీడీబీ అయితే 1971 నుంచి ఉంది. సీ ఎలిగన్స్ అనే చిన్న పురుగుకి 302 న్యూరాన్లు, వాటిలో ఏది దేనికి కలుస్తుందో మ్యాప్ ఎవరైనా చూసుకోవచ్చు. కంప్యూటర్, ఓపిక ఉంటే మీ హాస్టల్ గదిలోంచే చిన్న ప్రశ్న అడగచ్చు. సెలవుల్లో వేరే ల్యాబ్‌లో పనిచేయాలంటే మెయిల్ రాయండి, కానీ ఒకే మెయిల్ వందమందికి పంపకండి, తెలిసిపోతుంది. వాళ్ల పేపర్ ఒకటి పూర్తిగా చదివి, అందులో అర్థంకాని ఒక్క విషయం అడుగుతూ ఆరేడు లైన్లు రాస్తే చాలు. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఒక్కసారి గుర్తుచేయండి, అప్పుడూ రాకపోతే ఇంకొకరు.

ప్రశ్న: ఒక సార్‌తో మాటామాటా వచ్చింది. నాలుగు కోర్సులు ఆయనవే. తప్పించుకునే దారి లేదు.

చిన్నచోట ఇది కూడా నిజంగా కష్టమే, పెద్దచోట అయితే వేరే సెక్షన్‌కి మారిపోతారు. మాట మీదైతే వెళ్లి రెండు ముక్కల్లో సారీ చెప్పేయండి, వివరణలు వద్దు. మాట ఆయనదైతే, ఊరికే కోపం కాదు మార్కుల్లో చూపిస్తున్నారంటే, పేపర్లు దాచుకోండి, తేదీలు రాసుకోండి, హెచ్‌ఓడీ దగ్గరికి ఒంటరిగా కాకుండా ఇంకొకరితో వెళ్లండి. రికమెండేషన్ లెటర్ కోసం మాత్రం ఇప్పటినుంచే ఇంకో ఇద్దరు లెక్చరర్లకి మీ పని తెలిసేలా చూసుకోండి. అయిదుగురే ఉన్నచోట ఒకరు పోతే అయిదోవంతు పోయినట్టే.

ప్రశ్న: జంతువుని కోయడం నావల్ల కాదు. చెప్తే నవ్వుతారేమో.

నవ్వితే నవ్వనివ్వండి. జంతువుల వాడకం తగ్గించాలి, వీలైతే వేరేది వాడాలి, బాధ తగ్గించాలి అని రసెల్, బర్చ్ 1959లోనే పుస్తకం రాశారు, ఇవాళ పరిశోధనా ల్యాబులు నడిచేది ఆ దారిలోనే. మోడల్స్, సాఫ్ట్‌వేర్, ముందే కోసి దాచిన నమూనాలు చాలాచోట్ల ఉంటాయి. కాకపోతే సెమిస్టర్ మొదటివారంలోనే అడగండి. ప్రాక్టికల్ రోజు పొద్దున అడిగితే ఎవరికైనా ఎగ్గొడుతున్నట్టే కనపడుతుంది.

ప్రశ్న: మెడిసిన్ రాలేదని బయాలజీలో చేరావా అని చుట్టాలు అడుగుతున్నారు. దీంతో ఏం ఉద్యోగాలు వస్తాయి అక్కా, నిజం చెప్పండి.

నిజమే చెప్తా. ఒక్క డిగ్రీతో సొంతంగా రీసెర్చ్ నడిపే ఉద్యోగం రాదు, దానికి పీజీ, చాలాసార్లు పీహెచ్‌డీ కావాలి. డిగ్రీతో మందులు, ఆహారం తయారుచేసేచోట క్వాలిటీ కంట్రోల్ ల్యాబులు, నీళ్లూ నేలా పరీక్షించే సర్వేలు, రీసెర్చ్ ల్యాబ్‌లో టెక్నీషియన్ పని, అదనపు శిక్షణతో డయాగ్నస్టిక్ ల్యాబ్ లేదా టీచింగ్ ఉంటాయి. దీనికి తోడు కొంచెం ప్రోగ్రామింగ్ వస్తే, ఆర్ గానీ పైథాన్ గానీ, కంప్యూటర్‌తో జన్యు సమాచారం విశ్లేషించే బయోఇన్ఫర్మాటిక్స్ వైపు దారి దొరుకుతుంది. చుట్టాలకి ఇంత వివరం అక్కర్లేదు, అవునండీ బయాలజీయే అని నవ్వి ఊరుకోండి.

ప్రశ్న: చిన్న డౌట్ మేడమ్. ల్యాబ్‌కి ఏ పెన్ను తీసుకెళ్లాలి?

అబ్బ, ఇన్ని ఉత్తరాల్లో పని గురించి సూటిగా అడిగింది మీరొక్కరే. నోట్‌బుక్‌కి బాల్ పెన్ను, నీళ్లు పడినా చెరగదు. ట్యూబుల మీద మార్కర్, మూత మీదా పక్కనా రెండుచోట్లా రాయండి, మూతలు మారిపోతాయి. స్లైడ్ మీద మాత్రం మార్కర్ వద్దు, గరుకుగా ఉండే అంచు మీద పెన్సిల్‌తో రాయండి. బ్యాక్టీరియాకి రంగువేసే గ్రామ్ స్టెయిన్‌లో ఆల్కహాల్ పోయగానే మార్కర్ రాత కారిపోతుంది. నా ఎనిమిది స్లైడ్లు అలాగే పోయాయి, ఏది ఎవరి బ్యాక్టీరియానో ఈరోజుకీ తెలీదు.